గోడలో పైపు

నా పుస్తకాలకు షెల్ఫు బిగిస్తానని నాన్న గోడకు వేసిన కన్నంలోంచి నీళ్లు చిమ్ముతున్నాయి.

అమ్మ పాత దుప్పటితో నేల తుడిచి బకెట్లోకి పిండుతోంది. "పోయిన వారం ఫ్యాను, ఈ వారం గోడ. మీకు సెలవొచ్చిందంటే నా నడుం విరుగుతుంది."

ప్లంబరు మెయిన్ వాల్వు కట్టేసి లోపలికొచ్చాడు. "పైపు ఎటు పోతోందో ఎవరికీ తెలీదంటున్నారు. గోడంతా పగలగొట్టాల్సిందే," అంటూ సుత్తి ఎత్తాడు.

"ఆగండి!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగుతుంది. ఇల్లు కట్టేటప్పుడు పక్కనే కూర్చుని చూశాను."

పెన్సిలుతో గీత గీశాను. ఆ గీత మీద జానెడు మేర పగలగొట్టగానే పైపు కనిపించింది.

నాన్న తడి చొక్కాతోనే స్టూలు మీద కూలబడ్డారు. "ముందే చెప్పొచ్చు కదే?"

"రెండుసార్లు చెప్పాను నాన్నా. 'నీకేం తెలుసు, పక్కకు జరుగు' అన్నారు."

అమ్మ పిండడం ఆపింది. నాన్న లేచి వచ్చి ఆ గీత వెంట వేలు పోనిచ్చారు.

"షెల్ఫు ఎక్కడ బిగించాలో కూడా నువ్వే గుర్తు పెట్టమ్మా," అన్నారు.

"ఇవాళ మాత్రం వద్దు," అంది అమ్మ, మళ్లీ దుప్పటి పిండుతూ.