నాలుగు వేళ్ల ఎడం

"టైముకి రావడం పుట్టింటికెళ్లాక నేర్చుకున్నట్టున్నావ్," అన్నాడు తలుపు తీస్తూ.

"ఇక్కడ నేర్పేవాళ్లెవరున్నారు?" అంది లోపలికొస్తూ.

ఇలా కలుసుకోవడం వరసగా ఇది ఐదో ఆదివారం, పదకొండు గంటలు. విడిపోదామనుకున్న మొగుడూ పెళ్లాం భోజనాల బల్లకి చెరోపక్కా కూర్చున్నారు.

పంచుకోవలసినవన్నీ పంచుకున్నారు. మంచం అతనికి, బీరువా ఆమెకి. మిక్సీ ఆమెకి, దాని జార్లలో ఒకటి మాత్రం పంతం కొద్దీ అతనికి. జాబితాలో మిగిలింది ఒక్కటే, అతని ఫోనులో ఉన్న వీడియో. అది తన ఫోనులోకి వస్తేగానీ విడాకుల కాగితాల మీద సంతకం పెట్టనని ఆమె తెగేసి చెప్పింది. ఇరవయ్యో తారీకు దాటితే కేసు మళ్లీ మొదటికొస్తుందని వకీలు ఇద్దరికీ ఫోన్లు చేసి మొత్తుకుంటున్నాడు.

అతను లిఫ్టుల మెకానిక్కు. తోటివాళ్లు 'మెగాపిక్సెల్' అని పిలుస్తారు. కెమెరా ఉన్న ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో అందరికంటే ముందు కొన్న మొనగాడు. మనిషికో రింగ్‌టోను పెట్టుకున్నాడు. పెళ్లానికి అంబులెన్సు మోత పెట్టాడు. పెళ్లిరోజున హోటల్లో ఆమె ఎదురుగా కూర్చుంటే గంటసేపు వాల్‌పేపర్లు మార్చాడు. మెమరీ కార్డులు మాత్రల డబ్బాలో దాచుకున్నాడు. అవి పాత మందులనుకుని ఆమె డబ్బాతో సహా చెత్తలో పడేస్తే, పదిరోజులు మాట్లాడలేదు. గొడవలన్నీ అక్కణ్నుంచే ముదిరాయి.

వీడియోలో ఉన్నది అతని తల్లి. కిందటేడు కన్నుమూసింది. అగ్గిపెట్టెంత తెర మీద, చుక్కలు చుక్కలుగా, చేతిలో గరిటెతో కొడుకుని తిడుతుంది. "ఆ దిక్కుమాలిన ఫోను అవతల పెట్టరా. పిల్ల కంచం ముందు కూర్చుని నీకోసం చూస్తోంది." ఆ పిల్ల అంటే కోడలే. ఆవిడ గొంతు ఇంకెక్కడా మిగల్లేదు.

ఆమె ఫోనులో బ్లూటూత్ లేదు. ఇన్‌ఫ్రారెడ్ ఒక్కటే దిక్కు. రెండు ఫోన్లనీ నాలుగు వేళ్ల ఎడంలో, వాటి నెత్తిన ఉండే నల్ల గాజుముక్కలు ఎదురెదురుగా ఉండేట్టు పెట్టాలి. ఆరు నిమిషాలు కదపకూడదు. మధ్యలో ఏదైనా అడ్డొచ్చినా, ఎండ సూటిగా పడినా తెగిపోతుంది.

మొదటి ఆదివారం నీళ్ల మోటారు కట్టెయ్యడానికి అతను లేచి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆగిపోయిందని చెప్పింది. రెండోవారం ఎనభై శాతం దగ్గర ఆగింది. మూడోవారం తొంభై దాకా వచ్చి ఆగింది. నాలుగోవారం ఆమె ఫోనుకి చార్జింగే లేదు.

"కావాలనే చేస్తున్నారు," అంది ఇవాళ. "చేతులు బల్ల మీద పెట్టండి. నాక్కనబడాలి."

"నీ డొక్కు ఫోనుకి అందుకునే ఓపిక లేక నన్నంటావేం?"

"ఇది మీరు వాడి వదిలేసిందే. కొత్తవన్నీ మీకు, అరిగిపోయినవి నాకు."

నలభై శాతం. కిటికీలోంచి ఎండ బల్ల అంచు దాకా వచ్చింది.

"ఆ పరదా వెయ్యొచ్చుగా."

"ఉతకడానికి తీశాను."

"నెల్రోజుల్నించీ ఉతుకుతున్నారా?"

ఆమె తన ఫోను చుట్టూ అరచెయ్యి అడ్డం పెట్టింది.

"చెయ్యి తియ్యి. తెగిపోతుంది."

"ఎండ పడకూడదన్నది ఎవరు?"

డెబ్భై.

"అత్తయ్య ఉండుంటే ఆ గరిటె మీ వీపు మీద విరిగేది."

"మా అమ్మ నిన్ను నెత్తినెక్కించుకోబట్టే ఇల్లు ఇలా తగలడింది."

ఆమె ముఖం మాడిపోయింది. అనకుండా ఉండాల్సిందని అతనికి తెలుస్తూనే ఉంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఫోన్ల తెరల మీద అంకెలు తప్ప ఇద్దరూ ఇంకేం చూడలేదు.

ఎనభై ఐదు. అతను లేచాడు.

"ఇప్పుడెక్కడికి?"

"పొయ్యి మీద పాలున్నాయి."

తీరిగ్గా పాలు దింపి, గిన్నె మీద మూత పెట్టి వచ్చాడు.

"ఆగిపోయింది," అంది. తొంభై ఆరు దగ్గర తెరలు రెండూ నిలిచిపోయి ఉన్నాయి.

"నీ చెయ్యే అడ్డొచ్చుంటుంది."

"మీరు లేచిన ఊపుకి బల్ల కదిలింది. మనిషి నెమ్మదిగా లేవడం కూడా రాదు."

"నెమ్మది గురించి నువ్వు చెప్పాలి మరి."

మిక్సీ జారు దగ్గర మొదలుపెట్టి మాత్రల డబ్బా దాకా మరో పావుగంట తిట్టుకున్నారు. చివరికి ఆమె విసురుగా లేచి సంచీ భుజాన వేసుకుంది.

"వకీలు అడిగితే ఏం చెప్పమంటారు?"

"వీడియో ఇంకా రాలేదని చెప్పు. అబద్ధం కాదుగా."

చెప్పులు తొడుక్కుంటున్నది ఒక్క క్షణం ఆగింది.

"కాదు," అంది. తర్వాత గుమ్మం దాటి, వెనక్కి తిరక్కుండానే, "వచ్చే ఆదివారం ఇరవై రెండో తారీకు," అంది.

"లెక్కలు నాకూ వచ్చు. పదకొండింటికి తగలడు."

ఆమె మెట్లు దిగిపోయాక అతను తలుపు వేసి, తన ఫోనులో పంపినవాటి జాబితా తెరిచి, ఆ వీడియో మొదటి ఆదివారం పదకొండూ ఇరవైకే ఆమె ఫోనుకి పూర్తిగా చేరిపోయిందని చెప్పే ఆ ఒక్క వరసనీ, ప్రతి ఆదివారం లాగే, మళ్లీ చదువుకున్నాడు.