పాము గడి

"జవాబు తెలిసినా సరే, దాని జోలికి వెళ్ళకూడదు. అర్థమైందా?"

నాలుగో తరగతి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పారు మాష్టారు. ఇరవై ఐదుగురు పిల్లలూ ఆయన వంక వింతగా చూశారు.

"తప్పు రాయమంటున్నారా సార్?" అంటూ ముందు బెంచీలోంచి లీడరమ్మ లేచింది. ఆ పిల్ల క్లాసు లీడరు. అల్లరి చేస్తే మాష్టారి పేరైనా బోర్డు మీద రాసే రకం.

"తప్పు కాదమ్మా, ఆట. ఒక్కో ప్రశ్నకి నాలుగు గడులుంటాయి. అందులో ఒప్పు గడి పాము. దాన్ని నింపారో, కాటేస్తుంది. ముప్ఫై ప్రశ్నలూ కాటు పడకుండా దాటినవాళ్ళకి రేపు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆటల పీరియడే!"

క్లాసు గొల్లుమంది. లీడరమ్మ కూడా కూర్చుని పెన్సిలు చెక్కుకోవడం మొదలెట్టింది.

మాష్టారి బాధ మాష్టారిది. నిన్న సాయంత్రమే హెడ్మాస్టరు కొత్త నిబంధన కాగితం చేతిలో పెట్టారు. ఇవాళ ఒక పరీక్ష, ఏడాది చివర అలాంటిదే ఇంకొకటి. ఈ రెండింటి మధ్యా క్లాసు సగటున పది మార్కులు పెరగాలి. పెరగకపోతే మాష్టారికి బదిలీ, రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన బడికి. ఉన్నదున్నట్టు రాస్తే వీళ్ళకి ఏ పదిహేనో వస్తాయి. అక్కణ్ణించి పాతికకి లాగాలంటే ఏడాదంతా గొంతు చించుకోవాలి. అదే సున్నా నుంచైతే చెమట పట్టకుండా లాగేయొచ్చు.

"సార్, ఒప్పేదో తెలియకపోతే ఎలా సార్?"

కిటికీ పక్కన చివరి బెంచీలోంచి గాలిపటం అడిగింది. పాఠం మొదలైన రెండో నిమిషానికి ఆ పిల్ల చూపు కిటికీలోంచి ఎగిరిపోతుందని మాష్టారే పెట్టిన పేరు.

"నీకేం బెంగ లేదు తల్లీ. నువ్వెలా రాసినా తప్పే వస్తుంది."

క్లాసు మళ్ళీ గొల్లుమంది.

పరీక్ష పెట్టడానికి పై ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. కాగితాలు పంచి, మాష్టారిని బయటికి పంపేసింది. ఆయన వరండాలో పచార్లు చేస్తూ కిటికీలోంచి తొంగిచూశారు. పావుగంటకే లీడరమ్మ లేచి నిలబడింది.

"ఇంకా ముప్పావుగంట ఉందమ్మా," అంది ఆవిడ.

"అయిపోయింది మేడమ్. చాలా ఈజీగా ఉంది."

ఆ వెనకే ఇంకొకడు. ఆ వెనకే ముగ్గురు. గంట కొట్టేదాకా పెన్సిలు కొరుకుతూ కూర్చున్నది గాలిపటం ఒక్కతే.

స్టాఫ్ రూములో ఆవిడ సంచీలోంచి చిల్లులున్న అట్ట తీసింది. అట్టని జవాబు కాగితం మీద పెడితే చిల్లుల్లోంచి ఒప్పు గడులు మాత్రమే కనిపిస్తాయి. వాటిలో నల్లగా నింపినవి లెక్కపెట్టడమే.

"సున్నా," అంది. ఇంకో కాగితం తీసింది. "సున్నా." ఇంకోటి. "ఇదీ సున్నాయే!"

మాష్టారు మొహం వేలాడేశారు. "ఏం చెప్పమంటారు మేడమ్! నా ఖర్మకి ఇలాంటి మొద్దులు దొరికారు. ఎంత అరిచినా బుర్రకెక్కదు. సరే, ఈ ఏడాది నా ప్రాణం పెట్టయినా పైకి లాగుతాను."

ఇరవై నాలుగు సున్నాలు వరసగా పడ్డాయి. ఆఖరి కాగితం దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది.

"ఎనిమిది!"

మాష్టారు గబుక్కున ముందుకొచ్చారు. వంగి పేరు చూశారు. గాలిపటం!

"ఒక్కసారి ఆ పాపని పిలవండి," అందావిడ కళ్ళజోడు సర్దుకుంటూ.

గాలిపటం గుమ్మంలోకి వచ్చింది. అట్ట కిందున్న తన కాగితాన్నీ, మాష్టారి మొహాన్నీ చూసి భోరుమంది.

"సారీ సార్! అన్నీ తప్పులే రాద్దామనుకున్నా సార్. ఒప్పేదో తెలిస్తేనే కదా సార్ తప్పించుకునేది! నన్ను ఎన్ని పాములు కరిచాయి సార్?"

"చిన్నపిల్ల మేడమ్... ఏదో వాగుతోంది," అన్నారు మాష్టారు చెమట తుడుచుకుంటూ.

ఆవిడ పాప కళ్ళు తుడిచి, వీపు తట్టి పంపేసింది. తర్వాత నింపాదిగా మాష్టారి వైపు తిరిగింది.

"కళ్ళు మూసుకుని నింపినా ముప్ఫైలో ఏడో ఎనిమిదో ఒప్పు గడులు తగులుతాయి మాష్టారూ. ఏమీ రాని ఆ పాపకి తగిలినట్టు. ఒక్కటి కూడా తగలకుండా తప్పించుకోవాలంటే ముప్ఫై ఒప్పులూ తెలిసుండాలి. మీ క్లాసులో ఇరవై నలుగురికి తెలుసు! ఇంత బాగా చెప్పే మాష్టారిని నా సర్వీసులో చూళ్ళేదు."

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో మాష్టారు అందుకున్న మొదటి మెప్పు అది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అయితే... నన్ను బదిలీ చేయించరు కదా మేడమ్?"

"అయ్యో, నేనెవర్ని చేయించడానికి? అంతా నిబంధన ప్రకారమే."

ఆవిడ ఎర్ర పెన్ను తీసి, ఇరవై నాలుగు సున్నాలూ కొట్టేసి, పక్కన ముప్ఫై వేసుకుంటూ పోయింది. కింద సగటు కట్టింది. పెన్నుకి మూత పెట్టి, చల్లగా చెప్పింది.

"ఏడాది చివరికి పది పెరగాలి కదా. ఆ ఎనిమిది మార్కుల పాప పుణ్యమా అని మీకు కాస్త తగ్గింది లెండి. ముప్ఫైకి ముప్ఫై తొమ్మిది తెప్పిస్తే చాలు."