ఎదురు అంకెలు

దోన్యా ఔరేలియా మోచెయ్యి తగిలి, పక్కనున్న దొనాతో అనే కుర్రాడి పందెం బిళ్ళల దొంతర కూలిపోయింది.

"అయ్యో నాయనా! ముసలి చెయ్యి, ఎటు పోతుందో దానికే తెలీదు" అని ఆవిడ హాలంతా వినబడేలా నవ్వింది.

చుట్టూ ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. దూరంగా నిలబడ్డ సూపర్‌వైజర్ కూడా తిరిగాడు.

దొనాతోకి ఒళ్ళు మండిపోయింది. ఎవరి కంటా పడకూడదనే కదా ఈ మూల బల్ల దగ్గర కూర్చుంటున్నది!

పుంతా బ్రావా కాసినోలో ఆ మూల ఉన్న రౌలెట్ చక్రానికి ఏదో లోపం ఉంది. ఇరుసు అరిగిందో, చెక్క కుంగిందో తెలియదు. ఒకటి, ఇరవై, పద్నాలుగు, ముప్పై ఒకటి చక్రంలో పక్కపక్క గళ్ళు. చక్రం తిప్పి వదిలిన గోళీ వాటిలోనే పడాల్సినదానికంటే ఎక్కువ పడుతోంది.

శరత్కాలమంతా ఒక్క పందెం కాయకుండా, నిలబడి చూసి చూసి, దొనాతో, అతని చెల్లెలు ఇల్దా ఆ సంగతి కనిపెట్టారు. చలికాలం రాగానే ఆట మొదలుపెట్టారు.

వాళ్ళ నాన్న ఇప్పుడు వేరేవాళ్ళ పడవలో కూలికి వెళ్తున్నాడు. అమ్ముకున్న తన పచ్చ పడవ రేవులో ఎదురైతే మొహం తిప్పుకుంటాడు. దాన్ని కొన్నవాడు ఊరు వదిలి పోతున్నాడు. వసంతం లోపు డబ్బు తెస్తే మీకే ఇస్తానన్నాడు.

అందుకే దొనాతోకి స్థిమితం లేదు. గెలిస్తే ఎవరైనా చూశారేమోనని భయం. ఓడితే వసంతం వచ్చేస్తోందని భయం. బల్ల కింద అతని మోకాలు ఊగుతూనే ఉంటుంది.

"రోజూ మన బల్ల దగ్గరికే ఎందుకొస్తుంది ఆవిడ?" అన్నాడు మర్నాడు పొద్దున, మాతే ఆకుల టీ పీలుస్తూ.

"వస్తే వచ్చిందిలే. ఓడిపోతోందిగా పాపం" అంది ఇల్దా.

"అదే నా అనుమానం! ఏ అంకెల మీద పెడుతోందో చూశావా? రెండు, ఇరవై ఒకటి, ఇరవై అయిదు. చక్రంలో సరిగ్గా మనకి ఎదురు వైపువి."

"అయితే?"

"అయితే ఏమిటే! మనం చేస్తున్న పని ఆవిడకి తెలుసు. కాసినో వాళ్ళ మనిషి. మనల్ని వెక్కిరిస్తోంది."

"వాళ్ళ మనిషే అయితే ఈపాటికి మనల్ని గెంటేసేవాళ్ళు. నువ్వు కాస్త ఓపిక పట్టన్నా."

అతని దగ్గర లేనిది అదొక్కటే.

ఆ మధ్యాహ్నం కూడా ఔరేలియా వచ్చింది. చక్రం తిప్పే క్వింతానాతో పరాచికాలాడింది. వరసగా ఓడింది. ఓడిన ప్రతిసారీ గట్టిగా నవ్వింది.

ఉన్నట్టుండి దొనాతో వైపు వంగి గొంతు తగ్గించింది.

"ఎప్పుడూ అవే అంకెలైతే ఎలా నాయనా? మధ్యమధ్య వేరేవాటి మీద కూడా పెట్టు. చూసేవాళ్ళకి కళ్ళుంటాయి."

తమ గుట్టు రట్టయినట్టే అనుకున్నాడు దొనాతో. ఏం చేస్తున్నాడో తెలియకుండానే లేచి నిలబడ్డాడు.

"నా బిళ్ళలు తీసింది! ఈవిడ నా బిళ్ళలు తీసింది!"

"అన్నా!" అంటూ ఇల్దా అతని కోటు పట్టుకు లాగింది.

సూపర్‌వైజర్ గబగబా వచ్చాడు. "ఏం జరిగింది? క్వింతానా, ఆట ఆపు. ఈ బల్ల సంగతి మొత్తం చూద్దాం."

ఔరేలియా దొనాతోని ఒక్క క్షణం చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"మొత్తం చూడటానికేముంది బాబూ! నేనే తీశాను" అంది. తన ముందున్న బిళ్ళలన్నీ దొనాతో ముందుకి నెట్టింది. "ఆట ఆపకండి. నేనే పోతాను."

"ఇంక ఈ గడప తొక్కకండమ్మా" అన్నాడు సూపర్‌వైజర్.

వెళ్తూ వెళ్తూ ఆవిడ ఇల్దా దగ్గర ఆగింది. "ఇంక తగ్గించి ఆడమను మీ అన్నని."

ఇల్దా తలెత్తలేకపోయింది.

దొనాతో తగ్గించలేదు. పీడ వదిలిందనుకున్నాడు. రెట్టింపు కాశాడు. వారం రోజులు గెలిచాడు. పడవ డబ్బుకి ఇంకాస్తే తక్కువ.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వచ్చి చూస్తే, బల్ల మీద కొత్త చక్రం తళతళలాడుతోంది.

అయినా దొనాతో కూర్చున్నాడు. ఇల్దా వద్దన్నా వినలేదు. సాయంత్రానికి సగం డబ్బు పోయింది. పడవ ఇంక రాదని ఇద్దరికీ అర్థమైంది.

బయట సముద్రపు గాలికి అడ్డంగా నిలబడి క్వింతానా సిగరెట్ ముట్టించుకుంటున్నాడు. దొనాతో అతని దగ్గరికి వెళ్ళాడు.

"చక్రం ఎందుకు మార్చారు?"

"లెక్కల్లో నష్టం చూపించిన బల్లనే విప్పి చూస్తారు. పోయిన వారం మీ బల్ల చూపించింది."

"మేం చలికాలమంతా గెలుస్తూనే ఉన్నాం కదా. అప్పుడెందుకు చూపించలేదు?"

క్వింతానా అతన్ని వింతగా చూశాడు. "మీరు గెలిచిందంతా ఔరేలియమ్మ ఓడిపోయేది. ఇంక నష్టం ఎక్కడ కనబడుతుంది?"



"ఆవిడ ఇల్లెక్కడ?" అని ఇల్దా అడిగింది.

"ఇల్లెక్కడిదమ్మా, హోటల్లో గది. ఆ గొడవ మర్నాడే ఖాళీ చేసి, రైలెక్కి వెళ్ళిపోయింది. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు."

"మా కోసం ఎందుకలా ఓడిపోయింది?"

"నాకేం తెలుసు? ఆవిడ అంత గోలగా ఆడటం నేనూ ఈ ఏడే చూశాను. పోయినేడు అదే బల్ల దగ్గర నోరు మెదపకుండా కూర్చుని, కొద్దికొద్దిగా కాస్తూ, ఒకటి, ఇరవై, పద్నాలుగు, ముప్పై ఒకటి తప్ప వేరే అంకె ముట్టుకునేది కాదు. మీరిద్దరూ వచ్చి వాటి మీద పందెం కాసిన రోజు నుంచీ, ఆ నాలుగింటి మీద ఒక్క బిళ్ళ కూడా పెట్టలేదు."