ఫోను పిల్ల చూసొచ్చిన గది

"రాత్రిపూట మా ఆవిడకి ఇన్సులిన్ ఎవరు పొడుస్తారమ్మా?" అని వృద్ధాశ్రమం వరండాలో మేనేజరమ్మని అడిగాను.

"రాత్రి నర్సు ఉండదండీ. వాచ్‌మన్ ఉంటాడు."

"అదేంటి! ఫోను పిల్ల స్వయంగా వచ్చి చూసిందట కదా? రాత్రీ పగలూ నర్సు ఉందంది."

ఆన్‌లైన్లో పెద్దవాళ్లకి హోములు వెతికిపెట్టే పిల్ల అది. నెల రోజులుగా తాతయ్యా అంటూ పూటకోసారి ఫోను చేసేది. నా లారీని ఏనుగు మీదెక్కించి నది దాటించానంటే, "ఏనుగుకి లైసెన్సుందా తాతయ్యా?" అని అడిగింది. నా కోతల్ని సొంత మనవరాలు కూడా అంత ఓపిగ్గా వినలేదు.

మేనేజరమ్మ గొంతు తగ్గించింది. "ఆవిడ ఈ గుమ్మం ఎప్పుడూ తొక్కలేదండీ. మనుషుల్ని పంపినందుకు మా దగ్గర కమీషన్ తీసుకుంటుంది. ఇవ్వని హోముల ఊసే మీ దగ్గర ఎత్తదు. నర్సు సంగతి తనకి ముందే చెప్పాం."

నేనే ఫోను కలిపాను.

"తాతయ్యా! గది నచ్చిందా?"

"కిటికీలోంచి ఏం కనిపిస్తుందమ్మా?"

"చెరువు! పొద్దున్నే కొంగలు కూడా వస్తాయి. నేనైతే అక్కడే ఉండిపోదామనుకున్నా."

మా గది గుమ్మంలోంచి చూశాను. కిటికీ నిండా పక్క బిల్డింగు గోడ.

"నన్ను మించిపోయావు తల్లీ. కాకపోతే నా కోతలు విన్నవాళ్లు నవ్వుకుని ఇంటికి పోయేవాళ్లు. నీ మాట నమ్మి మేం ఉన్న ఇల్లు ఖాళీ చేసి వచ్చాం."



లోపల బీరువాలో చీరలు సర్దుకుంటున్న మా ఆవిడ తల తిప్పింది. "మన పిల్లేనా? నేనూ అడిగానని చెప్పండి."