రెండో గుండీ

అదీకాక, ఊడిన గుండీకి బదులు పిన్నీసు పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. మనసు లేని మగవాడైతే పిన్నీసుతో సరిపెట్టుకునేవాడు. ఇతను సరిపెట్టుకోలేదు. కాబట్టి మనసుంది.

అంతవరకూ తేలేసరికి ఆమెకు కాళ్లు నేల మీద ఆనలేదు.

నాటకశాల వెనక, దుస్తుల గదిలో ఆమెది కుట్టుపని. అక్కడ ఆడుతున్నది పాటల నాటకం. అలకలు, బుజ్జగింపులు, చివర మూడు పెళ్లిళ్లు. రెండో అంకంలో కథానాయకుడు గుండె మీద చెయ్యేసుకుని పై స్వరం అందుకోగానే, కోటు రెండో గుండీ ఎగిరి వాద్యగాళ్ల మధ్య పడుతుంది. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. మర్నాడు మధ్యాహ్నం అతను ఆ గుండీ అరచేతిలో పెట్టుకుని ఈ గది తలుపు తడతాడు. రెండు వారాలు దాటింది, ఇదే వరస.

"పదహారుసార్లు వచ్చాడక్కా. ఊరికే వస్తాడా?" అంది, ఇస్త్రీ చేస్తున్న పెద్దావిడతో.

"అయితే అడిగెయ్యవే."

"ఆడది ముందు అడుగుతుందా? మన నాటకంలో పాటే ఉందిగా, ఆడది అడగదు, మగాడు ఆగడు అని."

"ఆ పాట రాసినాయనకి యాభై దాటాయి. ఇంకా సంబంధాలు చూస్తున్నారు."

తలుపు చప్పుడైంది. పెద్దావిడ ఇస్త్రీ కాని చొక్కాలు కూడా చంకన పెట్టుకుని బయటికి నడిచింది.

కథానాయకుడు గుండీ పట్టుకుని వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"కడుపునిండా తిని తొమ్మిది రోజులైందండీ. దోసకాయ ముక్కల మీద బతుకుతున్నా."

"అదేం ఖర్మ?"

"పొట్టండీ. ఆడవాళ్లు వేసిన కుట్టు ఊడదు. మా అమ్మ వేసింది ఒక్కటీ ఊడలేదు. మరి గుండీ ఊడుతోందంటే పొట్ట పెరిగినట్టే కదా." ఆ మాట అంటున్నప్పుడు కోటు అతని మీద కొంకికి తగిలించినట్టు వేలాడుతోంది. "నిన్న పాట మధ్యలో కళ్లు తిరిగాయి. ఇవాళ కూడా గుండీ ఊడితే రేపట్నుంచి ఈ వేషం ఇంకొకళ్లకి ఇచ్చేస్తానన్నారు దర్శకుడు గారు."

ఆమె చేతిలో సూది ఆగిపోయింది. మగవాడు తిండి మానేశాడంటే ప్రేమే, కాబట్టి... అంటూ మనసు మళ్లీ మొదలుపెట్టబోయింది. ఈసారి ఆమె దాని చెవి మెలేసింది.

"గుండీ ఊడకపోయినా వస్తారా?"

అడిగేశాక మెడ దాకా వేడెక్కింది. అతను చేతిలో గుండీని తిప్పి తిప్పి చూశాడు.

"ఊడకపోతే ఏం చెప్పుకుని రావాలి?"

"ఏమీ చెప్పుకోకుండా."

"అలా రావచ్చా?"

"రావచ్చు."

"అయితే రేపు పొద్దున్నే వచ్చేస్తా," అన్నాడు. అతని మొహంలో పై స్వరం అందినప్పటి వెలుగు వచ్చింది. గొంతు తగ్గించి, "ఇప్పుడు ఏమైనా తినొచ్చా?" అని అడిగాడు.

ఆమె తన టిఫిన్ డబ్బా అతని ముందుకు జరిపి, కోటు విప్పించి ఒళ్లోకి తీసుకుంది.

సూదిలోకి నల్లదారం ఎక్కించి, పదిహేడుసార్లలో మొదటిసారి, దాని చివర ముడి వేసింది.