అన్ని పళ్లూ ఉన్న పిల్ల

ఆఫీసుల్లో టీతోపాటు, నిద్ర రాకుండా పనిచేయించే చురుకుబిళ్ల పంచడం మొదలైన పన్నెండేళ్లకు సుభాషిణికి పెళ్లిచూపులు జరిగాయి.

పెళ్లికొడుకు నిద్రపోయి నాలుగు రోజులైందట. ఆ మాట వాళ్లమ్మ, కొడుకు పతకం తెచ్చినంత గొప్పగా చెప్పింది. ఇరవయ్యెనిమిదేళ్లకే అతని బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. చేతిమీద లేని పురుగుల కోసం పుండు పడేలా గోక్కుంటూ, పప్పుచెక్కను టీలో నానేసుకుని చప్పరిస్తున్నాడు. బిళ్లకు రాలిన పళ్లే ఆ రోజుల్లో పనిమంతులకు గుర్తు మరి!

"ఓసారి నవ్వమ్మా," అంది పెళ్లికొడుకు తల్లి.

సుభాషిణి నవ్వింది. ఆవిడ మొహం మాడిపోయింది.

"అయ్యో, అన్ని పళ్లూ ఉన్నాయేంటి! బిళ్ల వేసుకోదా? ఇంత బద్ధకస్తురాలికి ఉద్యోగం ఎవరిస్తారండీ?"

"దానిదేముంది వదినగారూ, ముహూర్తంలోపు ముందరి పళ్లు నాలుగూ పీకించేస్తాం," అంది సుభాషిణి తల్లి, బోసినోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

సుభాషిణి తల్లివంక ఓ చూపు చూసి, చెక్క తీసి పటుక్కున కొరికింది. ఆ చప్పుడుకి పెళ్లికొడుకు అదిరిపడి, తనను చంపడానికి ఎవరో వచ్చారంటూ సోఫా వెనక దూరాడు.

"భయపడకండి," అంది సుభాషిణి, ఇంకో చెక్క అందుకుంటూ. "మనిషి తిండి తింటే వచ్చే చప్పుడిది."