అర శ్రుతి కిందికి

పొద్దున్నుంచి ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. హాలు వెనక గదిలో వదిన గిటారు ఒళ్లో పెట్టుకుని తీగలు ఇంకో అర శ్రుతి దించింది. బస్సులో కూర్చుని కూర్చుని కాళ్లు వాచి ఉన్నాయి.

"మళ్లీ దించావా?" గుమ్మంలోనే నిలబడింది మరదలు, భుజాన సంచితో. "ఇంకా దిగితే పాతాళంలో పాడాలి. ఇక నావల్ల కాదు వదినా. ఈ సాయంత్రం పాడేస్తాను. రేపట్నుంచి నీ దారి నీది."

ఇరవై రెండేళ్లుగా పొలం పాటలను గిటారుతో, డ్రమ్ములతో పాడుతున్న జంట. ఒక్కరే వస్తానంటే పిలిచేవాళ్లు లేరు.

"ఎవరికోసం దించుతున్నానే? మూడేళ్ల కిందటి ఆ జ్వరం తర్వాత నీ గొంతు పైకి పోవడంలేదు. నువ్వా, నోరు విప్పి చెప్పవు."

మరదలు సంచి కింద పడేసింది. "నా గొంతుకేం, గుండ్రాయిలా ఉంది. నీకే అందడంలేదనుకుని నేను తగ్గి పాడుతున్నాను."

"నువ్వు తగ్గావనే నేను దించాను!"

"నువ్వు దించావనే నేను తగ్గాను!"

వైర్లు చుట్టుకుంటున్న సౌండాయన గుమ్మంలోంచి తొంగిచూశాడు. "మూడేళ్లుగా మీ మైకులు పెంచలేక చస్తున్నానమ్మా. ఈ ముక్క అప్పుడే అనుకుంటే మీ సొమ్మేం పోయింది?"

"కట్టుకున్నవాడి దగ్గర కూడా ఇంత మొహమాటపడలేదు నేను," అంది వదిన.

"ఆ సంగతి మా అన్ననడిగితే చెబుతాడు."

వదిన నవ్వి, తీగలన్నీ మొదటి శ్రుతికి బిగించింది. ఖాళీ హాల్లో ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు.

"చివరి చరణంలో కలిసి పైకి పోవాలి. గుర్తుందిగా?"

"నువ్వు ముందు మొదలెట్టు."

మధ్యాహ్నం సౌండాయన మూడు పొట్లాలు తెచ్చాడు. వేదిక అంచున కూర్చుని విప్పుకున్నారు. ఆయన ఇద్దరి వంకా ఓసారి చూసి, తల దించుకుని తినసాగాడు.

పొద్దున ఆ ఖాళీ హాల్లో, చివరి చరణంలో గిటారొక్కటే పైకి పోయింది. ఇద్దరికీ గొంతు లేవక, వదిన అందుకుంటుందిలే అని మరదలు, మరదలు అందుకుంటుందిలే అని వదిన, ఇద్దరూ ఒక్కచోటే ఆగిపోయారు.